తాడు వదిలిన రోజు

బళ్ళో వంటకి కొత్తగా చేరిన ఆడపిల్లలు నా దగ్గరకొచ్చి, ఇన్నేళ్ళలో నీకు బాగా కష్టమైన రోజులేవి మామ్మా అని అడుగుతుంటారు. బియ్యం బస్తా రాని రోజు గురించో, గుడ్లు కుళ్ళిన రోజు గురించో చెబుతానని వాళ్ళ ఆశ. బియ్యం రాకపోతే పక్క బడి నుంచి అప్పు తెచ్చుకోవచ్చు. గుడ్డు కుళ్ళితే పారెయ్యవచ్చు, చెయ్యి రాదు గాని. నేను చెప్పేది మా బడంతా ఒక్కటై ఒక పిల్ల మీద దయ చూపించిన రోజుల గురించి. అంతకంటే కష్టమైన రోజులు నేను మళ్ళీ చూడలేదు.

మా బడి సముద్రం ఒడ్డున ఉంది. వంటగది తలుపు తీస్తే ఇసక, ఇసక దాటితే పడవలు. పిల్లలు ముప్పాతిక మంది వేటకి వెళ్ళేవాళ్ళ పిల్లలే. నేను మూడో తరగతితో చదువు మానేసినదాన్ని, మళ్ళీ బడి మెట్లు ఎక్కింది గరిటె పట్టుకునే. ఒక పిల్లకి ఎక్కువ పడకూడదు, ఇంకో పిల్లకి తక్కువ పడకూడదు, నేల మీద మెతుకు పడకూడదు. నా ఉద్యోగం మొత్తం ఇంతే. నన్ను చూస్తే పిల్లలకి భయం. ఆ భయం ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను.

అప్పుడు మా హెడ్మాస్టరు గజపతినగరం వైపు నుంచి వచ్చిన మనిషి. మెత్తనివాడు. పైకప్పు కారుతోందన్నా, పాము దూరిందన్నా “చూద్దాం లెండి” అనేవారు. మూడో తరగతి మేడం విజయనగరంలో బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి. కొత్త ఉద్యోగం, చిన్న వయసు, మంచి మనసు. ఈ మూడూ ఒకచోట చేరితే పక్కవాళ్ళు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇక నాతోపాటు వండే ఆమె. ఉల్లిపాయలు నేను తరిగినా ఏడ్చేది ఆమే.

ఒకరోజు పొద్దున్న ఒక చేపలమ్ముకునే మనిషి గంప బయట దించి హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. మొగుడు పోయాక పై ఊరి నుంచి మా ఊళ్ళో అన్నగారింటికి వచ్చిందట. కూతుర్ని మూడో తరగతిలో చేర్చాలి. పిల్లకి పుట్టుకతో గ్రహణం మొర్రి. పై పెదవి చీలి పుట్టింది. ఆపరేషన్లు చేసి కుట్టారు, కుట్టు మచ్చ మిగిలింది, ముక్కు ఒకవైపుకి ఒరిగి ఉంటుంది, మాట కొంచెం ముక్కులోంచి వస్తుంది. నేను హెడ్మాస్టరుకి టీ పట్టుకెళ్ళాను కాబట్టి ఆమె మాటలు నా చెవిన పడ్డాయి.

“పోయిన బళ్ళో ఏడిపించీసినారు బాబూ. పారొచ్చీసినాది. ఇది రెండో బడి. ఇక్కడ ఇమిడితే సదువుతాది. ఇమడకపోతే నా ఎనకాల గంప ఎత్తుకుంటాది. మూడో బడికి తిప్పడానికి నాకు ఓపిక నేదు.”

“చూద్దాం లెండి,” అన్నారు హెడ్మాస్టరు.

ఆమె వెళ్ళాక మా తోడు వంటామె కళ్ళొత్తుకుని, “గ్రహణం ఏలప్పుడు కడుపుతో ఉండి సేపలు కోసినాదట అప్పా. అందుకే అలాగయింది,” అంది. మా ఊళ్ళో గ్రహణమొచ్చినా పిడుగుపడ్డా చేపలు కొయ్యని ఆడది నాకు కనబడలేదు. ఆ లెక్కన ఊరంతా మొర్రి పెదవులే ఉండాలి. ఆ మాటే అంటే, “నీకు దయ నేదు” అని మళ్ళీ కళ్ళొత్తుకుంది.

మేడం మాత్రం ఏడవలేదు. విజయనగరం వెళ్ళి ఒక పిల్లల నవల కొనుక్కొచ్చింది. పిల్ల చేరేలోపు తరగతిని తయారు చెయ్యాలని రోజూ భోజనాలయ్యాక గట్టిగా చదివి వినిపించేది. అంట్లు తోముకుంటూ మేమూ విన్నాం.

ఆ నవల్లో ఒక కొండ ఊరి కుర్రాడు. ముఖం సగానికి నల్లటి మచ్చ. బళ్ళో చేరతాడు. అందరూ దూరం జరుగుతారు, పేర్లు పెడతారు. వాడు ఎవర్నీ ఒక్క మాట అనడు. రెక్క విరిగిన పావురానికి కట్టు కడతాడు. తన్ను తిట్టినవాళ్ళకి లెక్కలు చెబుతాడు. చివర్లో వాగులో కొట్టుకుపోతున్న పిల్లని లాగి ఒడ్డున వేస్తాడు, ఊరంతా వచ్చి దండ వేస్తుంది. మా తోడు ఆమె ఏడ్చిన ఏడుపుకి గంజి గిన్నెలు కడిగే నీళ్ళు మిగిలిపోయాయి. నేనూ తోముతున్న గిన్నె పక్కన పెట్టి విన్నాను, కాదనను. కాని అన్నం వండే మనిషిని కదా, ఒక్క సంగతి మింగుడు పడలేదు. మొదటినుంచి చివరిదాకా ఆ కుర్రాడికి ఒక్కసారి కూడా ఆకలి వెయ్యలేదు. ఎవరి పెన్సిలూ ఎత్తుకుపోలేదు. వరసలో తోసుకోలేదు. అలాంటి పిల్లలకి నేను ఎప్పుడూ వడ్డించి ఎరగను.

పిల్లలు మాత్రం పూర్తిగా నమ్మారు.

“మేడం, మరి ఆ గుంట కూడా పావురాలకి కట్టు కడతాదా?”

“మంచిపిల్లే అయి ఉంటుంది. మీరు తన మనసు కష్టపెట్టకూడదు. తన ముఖం గురించి ఒక్క మాట కూడా రాకూడదు. సరేనా?”

సరేనన్నారు. మొర్రి అన్న మాట బళ్ళో నోటంట రానివ్వనని తరగతి మొత్తం చేత ఒట్టు వేయించింది.

పిల్ల వచ్చింది. నూనె రాసి బిగించిన జడలు, మోకాలి మీద పాత గాయం, చేతిలో సంచి. భోజనాల వేళ వరసలో అందరూ పక్కకి జరిగి ముందు చోటిచ్చారు. కంచం పట్టుకుని నిలబడి, నా గిన్నెలోకి తొంగి చూసి అన్న మొదటి మాట ఇది:

“ఏటి మామ్మా, పప్పులో గింజలు ములిగిపోనాయి, ఈత రాదేటి ఆటికి?”

ఇంకో పిల్ల ఆ మాటంటే గరిటె కాడతో సమాధానం చెప్పేదాన్ని. నవల గుర్తొచ్చింది. అడుగు నుంచి తోడి, చిక్కటి పప్పు వేశాను. అది చూసి మా తోడు ఆమె ఇంకో గుడ్డు వేసింది. నా ఉద్యోగంలో అలాంటిది అదే మొదలు.

పావురాలకి కట్టు కట్టే రకం కాదని రెండు రోజుల్లోనే తేలిపోయింది. కుళాయి దగ్గర ముందు తనే. ఉయ్యాల మీద తనే. పక్కపిల్ల రబ్బరు తన సంచిలో ఉండేది. అడిగినవాళ్ళని “ఏటి సూత్తన్నావు?” అనేది. చూడ్డం తప్పని వాళ్ళకి నేర్పారు కదా, తలదించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ సంగతి కనిపెట్టి పిల్ల బాగానే ఏలింది. మేడం దగ్గరికి ఎవరైనా చాడీ మోసుకెళ్తే, “పాపం, పాత బళ్ళో చాలా బాధపడింది కదా, సర్దుకోండి” అనేది. సర్దుకున్నారు. మా పిల్లలు, ఒకరి చెప్పు ఇంకొకరు సముద్రంలో విసిరేసే పిల్లలు, చేతులు కట్టుకుని సర్దుకున్నారు.

కొన్నాళ్ళకి ఏలడం విసుగొచ్చినట్టుంది. ఒకరోజు పొద్దుటి విరామంలో ఆడపిల్లలు ఇసకలో గడులు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఈ పిల్ల గెంతుతూ గెంతుతూ ఆగి, అందరూ చూస్తుండగా గీత మీద పాదం మోపి నిలబడింది. ఎవరూ ఔటనలేదు. రెండో పాదం కూడా మోపింది.

“పరవాలేదు, ఆడుకో,” అన్నారు పిల్లలు, మేడం గొంతుతో.

బిళ్ళ పారేసి వచ్చి వంటగది గడప మీద కూచుంది.

“మామ్మా, నాను గీత తొక్కినాను. నివ్వు సూసినావా?”

“సూశాను.”

“మరి ఆలకి కళ్ళు నేవేటి?”

“గెలిపిస్తంటే ఏడుపేటే నీకు? నోరు మూసుకుని గెలువు,” అన్నాను. ఎసట్లో బియ్యం పొయ్యాలి, నాకు అంతకంటే తీరిక లేదు.

“గెలవట్లేదు మామ్మా. ఆలు ఆడట్లేదు,” అని కాసేపు గోడ గీకుతూ కూచుని లేచి వెళ్ళింది.

ఇంతలో బళ్ళో ఆటల పోటీలు వచ్చాయి. చివరి పోటీ తాడు లాగుడు. తాడు పడవలవాళ్ళ దగ్గర తెచ్చారు, ఒడ్డుకి పెద్ద వల లాగే తాడు. ఇక్కడ మీకు ఒక్క సంగతి చెప్పాలి, మీలో వేట ఊళ్ళు చూడనివాళ్ళు ఉంటారు. పెద్ద వల ఒడ్డుకి లాగేటప్పుడు తాడు మీద ఎవరు చెయ్యి వేసినా వాళ్ళకి చేపల్లో వాటా ఉంటుంది. పొరుగూరి వాడైనా సరే, పాలు తాగడం నిన్న మానేసిన గుంటడైనా సరే. కాని వేసిన చెయ్యి వల ఒడ్డెక్కేదాకా తియ్యకూడదు. మధ్యలో ఒకడు వదిలేస్తే వెనకవాళ్ళు కూలబడతారు, వల ఒరుగుతుంది, చేప జారిపోతుంది. వదిలినవాడికి వాటా ఉండదు. మళ్ళీ తాడు దగ్గరికి రానివ్వరు. మా ఊళ్ళో పిల్లలకి ఇది అ ఆ ల కంటే ముందు వస్తుంది.

మేడం బట్టల కొట్టువాళ్ళ అమ్మాయి. కొట్లో తాడంటే మూటలు కట్టేది. పోటీ ముందు అవతలి జట్టుని వంటగది వెనక్కి పిలిచి, “కొంచెంసేపు లాగి వదిలెయ్యండి. తను గెలవాలి. ఎంత సంతోషిస్తుందో చూడండి,” అంది.

అవతలి జట్టులో చివర నిలబడేది ఒక పడవ సరంగు మనవరాలు. గట్టి పిల్ల, పడవ నడిపే తాత పోలికే. “తాడు ఒగ్గకూడదు మేడం,” అంది.

“ఇది ఆటే కదమ్మా.”

ఆ పిల్ల నావైపు చూసింది. నాకు తెలియని సంగతి కాదు. కాని ఆటే కదా, ఓడితే ఈ పిల్ల రేపు బడి మానేస్తే, వాళ్ళమ్మ గంప నెత్తిన పెట్టేస్తే అని నేనూ లోపల లెక్క వేసుకున్నాను. దయ కూడా తట్టులాగే, ఒకరికొస్తే ఇల్లంతా వస్తుంది. “మేడం సెప్పినట్టు సెయ్యి,” అన్నాను.

పోటీ చూడ్డానికి పడవల దగ్గర్నించి నలుగురైదుగురు మగవాళ్ళు కూడా వచ్చారు. ఈల వేశారు. మా పిల్ల తన జట్టులో వెనక చివర నిలబడింది, పళ్ళు బిగించి, మడమలు ఇసకలో గుచ్చి. నిజంగా లాగింది. బడికొచ్చాక ఆ పిల్ల ముఖంలో అంత వెలుగు నేను అప్పుడే చూశాను. అంతలో అవతలివాళ్ళు అందరూ ఒక్కసారి చేతులు వదిలేశారు. ఇవతలి జట్టు మొత్తం వెల్లకిలా పడింది, అందరికీ అడుగున ఆ పిల్ల.

మేడం చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు కొట్టారు. మా తోడు ఆమె ఏడుస్తూ కొట్టింది. పడవలవాళ్ళు మాత్రం చేతులు కదపలేదు. సరంగు తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పిల్ల లేచింది. బహుమతి స్టీలు గ్లాసు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు.

“ఎవులు ఒగ్గీసినారు?”

అవతలి జట్టు చేతులు వెనక్కి దాచుకుంది.

“తాడు ఎవులు ఒగ్గీసినారే? అందరూనా?” ఒక్కొక్కరి ముఖమూ చూసింది. “వల తాడు ఒగ్గీసినోలతో నాను ఇంక తాడు పట్టను.”

ఏడవలేదు. సంచి తీసుకుని ఇసకలోంచి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తల్లి వెనకాల చిన్న గంప నెత్తిన పెట్టుకుని ఎచ్చెర్ల బస్సు ఎక్కుతుంటే చూశానని మా తోడు ఆమె చెప్పింది.

పాఠాలయ్యాక మేమందరం హెడ్మాస్టరు గదిలో కూచున్నాం. మేడం ఆ నవల ముందు పెట్టుకుని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతోంది. “ఇందులో ఇలాంటిది ఎక్కడా లేదు సార్,” అంది. దానికి నవలదే తప్పన్నట్టు హెడ్మాస్టరు దానివైపు కోపంగా చూశారు. మా తోడు ఆమె దిష్టి తియ్యాలంది. చివరికి అందరం వెళ్ళి బతిమాలి తీసుకొద్దామని తేల్చారు. కొత్త సంచి, మిఠాయి పొట్లం, ఉడకబెట్టిన గుడ్లు పట్టుకుని పెళ్ళివారిలా బయల్దేరాం. గుడ్లు నేనే మోశాను. ఎందుకు మోస్తున్నానో నాకే తెలియలేదు.

పిల్ల ఇసకలో ఆరబెట్టిన చేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి ఇంకో వరసకి జరిగింది. మేడం పిల్లదాకా వెళ్ళి, “నిన్ను సంతోషపెట్టాలనే అలా చేశారమ్మా, నీ మీద ప్రేమతో,” అంది. పిల్ల చేప తిరగేసింది. తల్లి గంప సర్దుతూ అంది:

“మేడం గారూ, పోయిన బళ్ళో ఏడిపించినారు, పారొచ్చీసినాది. మీ బళ్ళో ముద్దు సేసినారు, పారొచ్చీసినాది. ఇంక నానేటి సెయ్యను? ఏడిపించకుండా, ముద్దు సెయ్యకుండా ఉండే బడి ఏదైనా ఉంటే సెప్పండి, ఓపిక తెచ్చుకుని తిప్పుతాను.”

హెడ్మాస్టరు నోటంట “చూద్దాం లెండి” కూడా రాలేదు. మిఠాయి పొట్లం గడపలో పెట్టి వచ్చేశాం. గుడ్లు నేను వెనక్కి తెచ్చాను. అక్కడ తినేవాళ్ళు కనబడలేదు.

ఇక ఆ పిల్ల పని అయిపోయిందనే మేమనుకున్నాం. అవతల సరంగు ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోందని మాకు తెలియదు. తాత మనవరాల్ని తాడు దగ్గరికి రానివ్వడం లేదు. “ఆటైనా, ఏటైనా, ఒగ్గీసినావు కదా. ఎల్లు, గట్టు మీద కూకో,” అన్నాడట. చంటిపిల్లలు కూడా తాడు మీద చెయ్యివేసి చేప పట్టుకెళ్తుంటే ఆ గట్టిపిల్ల గట్టు మీద కూచుని చూస్తోంది. రెండు మూడు రోజులు ఓర్చింది. తరవాత మాతో చెప్పకుండా ఈ పిల్ల ఇంటికి వెళ్ళింది. మిఠాయి పట్టుకెళ్ళలేదు. ఏం మాట్లాడిందో నాకు తర్వాత వాళ్ళమ్మ చెప్పింది.

“నీ మూలంగా మా తాత నన్ను తాడు పట్టనివ్వట్లేదు. రా, మల్లీ లాగుదాం.”

“ఒగ్గీసినోలతో లాగను.”

“ఈపాలి ఒగ్గను. ఈడ్సి సముద్రంలో పారేస్తాను నిన్ను.”

“ఎవులు ఎవుల్ని ఈడుస్తారో సూద్దాం, పద.”

మేం భోజనాలు వడ్డించడానికి బకెట్లు బయట పెడుతున్నాం. ఇద్దరూ ఇసకలోంచి వస్తున్నారు, వాళ్ళ వెనక తాడు ఈడ్చుకుంటూ మిగిలిన జట్లు. మేడం పరిగెత్తింది. “వద్దమ్మా, పడిపోతావు, దెబ్బ తగులుతుంది!” నేను గరిటె పట్టుకుని వెళ్ళి సరంగు మనవరాలి రెక్క పట్టుకున్నాను. “మల్లీ దాన్ని ఏడిపిస్తావేటే?” అన్నాను. అంటే చూడండి, అప్పటిక్కూడా నా బుర్రలోకి ఏమీ ఎక్కలేదు. ఆ పిల్ల నా చెయ్యి విదిలించుకుంది. మా పిల్ల నన్ను చూసి అరిచింది: “మామ్మా, నివ్వు అడ్డు తప్పుకో!”

తప్పుకున్నాను.

లాగారు. ఈ పోటీకి ఈల లేదు, బహుమతి లేదు. తాడు కాసేపు అటూ ఇటూ కాకుండా వణికింది. తరవాత మా పిల్ల జట్టు ఒక్కో అడుగే ముందుకి జారింది. మా పిల్ల మాత్రం తాడు వదల్లేదు. మోకాళ్ళ మీద పడింది, వదల్లేదు. బోర్లా పడి ఈడ్చుకుపోతూ కూడా వదల్లేదు. గీత దాటించి, నా బకెట్ల దాకా ఈడ్చుకొచ్చాక గాని అవతలివాళ్ళు ఆగలేదు.

ఓడిపోయింది. నిజంగా, శుభ్రంగా ఓడిపోయింది.

పిల్ల లేచింది. ముక్కు నిండా, నోటి నిండా ఇసక. ఉమ్మేసింది.

“మోసం! అది ముందే గుంట తవ్వి మడం పెట్టినాది!”

సరంగు మనవరాలు తాడు కింద పడేసి ముందుకొచ్చింది. మేడం ముఖం పాలిపోయింది. ఒట్టు వేయించిన ఆ మాట ఇప్పుడు వస్తుంది, ఈ కోపంలో వచ్చి తీరుతుందని మేడంకి తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట వస్తే ఏం చెప్పాలో మేడం ఆ నవల్లోంచి బట్టీ పట్టి ఉంచుకుంది కూడా.

“నివ్వే దొంగవి!” అంది సరంగు మనవరాలు. “తాడు నడుంకి సుట్టుకున్నావు, నాను సూణ్ణేదనుకున్నావేటి? దొంగ! దొంగ! నా రబ్బరు కూడా నీ సంచిలోనే ఉన్నాది!”

అంతే. ఇంక వేరే మాట రాలేదు. ఆ పిల్ల దగ్గర ముఖం తప్ప ఇంకేమీ కనబడనిది మా పెద్దవాళ్ళకే. దొంగ అన్న మాటకి ఏం చెప్పాలో మేడం దగ్గర ఏమీ లేదు.

ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. రెండు జట్లూ కలబడ్డాయి. నా బకెట్టు ఒరిగి, పప్పు మొత్తం ఇసకలో ఇంకిపోయింది. ఆ ఇసక వైపు చూస్తూ నేను నిలబడిపోయాను. అప్పుడు మేడం అరిచింది. ఆ చిన్న మనిషిలోంచి అంత గొంతు వస్తుందని మాకెవరికీ తెలియదు.

“ఆపండి! ఇద్దరూ! సిగ్గులేదా? వెళ్ళి గోడ దగ్గర నిలబడండి! నువ్వు కూడా! నిన్నే! ఆ రబ్బరు ముందు దానికి ఇచ్చెయ్!”

“నువ్వు కూడా” అన్నది మా పిల్లనే. అనేశాక మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, పెద్ద పాపం జరిగిపోయినట్టు. పిల్ల మేడం వైపు ఒకసారి తేరిపార చూసింది. సంచి వెతికి రబ్బరు విసిరేసింది. వెళ్ళి గోడ దగ్గర సరంగు మనవరాలి పక్కన నిలబడింది. కాసేపటికి ఇద్దరూ ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళు చూసుకుని, ఎవరిది ఎక్కువ చీరుకుపోయిందో వాదించుకోవడం మొదలుపెట్టారు.

మిగతా పిల్లలకి నేను పప్పు లేని అన్నం వడ్డిస్తుంటే, చేపల గంపతో తల్లి అటుగా వచ్చింది. పిల్ల ఇంట్లో కనబడకపోతే వెతుక్కుంటూ వచ్చిందట. గోడ దగ్గర కూతుర్ని చూసి గంప దించేసింది.

“ఏటైనాది మామ్మా? మల్లీ ఏడిపించినారా?”

“నేదు. జుట్టు పీకినాది, పప్పు ఒలకబోసినాది. శిక్ష ఏసినారు.”

“ఎవులు ఏసినారు?”

“మేడమే.”

“మేడమే?” నమ్మలేనట్టు మేడం వైపు చూసింది. మేడం తలుపు చాటుకి జరిగింది. తల్లి కొంగుతో మెడ తుడుచుకుని, కూతురి వైపు కాసేపు అలాగే చూసింది. ఆ ముఖం మీద ఏముందో నేను చెప్పలేను, నాకంత చదువు లేదు. తరవాత రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, బడంతా వినబడేలా కేకేసింది.

“ఒసే! గోడకి ఆనుకుంటావేటే? మేడం నిలబడమన్నాది కదా, సక్కగా నిలబడు!”

పిల్ల సక్కగా నిలబడింది. తల్లి గంప ఎత్తుకుని, సాయం పట్టమని కూడా అడక్కుండా, వీధిలోకి వెళ్ళిపోయింది.